సవతి బిళ్ళలో దాచిన కెంపులు

నా మెడలో ఒక చనిపోయిన మనిషి ఉంది. మా పాలమూరు వైపు రెండో భార్యగా వచ్చినవాళ్ళకు ఇది మామూలే. మొదటి భార్య పోతే, ఆమె బొమ్మ చెక్కిన చిన్న బంగారు బిళ్ళను కొత్తగా వచ్చినామె పుస్తెలతాడుకు గుచ్చుకుంటుంది. పోయినామె మనసు నొచ్చుకోకుండా, ఇంటి మీదికి రాకుండా. సవతి బిళ్ళ అంటారు. అది ఏమంత బరువుండదు. నాకు మాత్రం ఇన్నేళ్ళుగా మెడ వంగిపోతున్నట్టే ఉంది. ఎందుకంటే ఆ బిళ్ళ లోపల నేనొకటి దాచాను. దాచినదాని బరువు కూడా ఎక్కువ కాదు. దాని వల్ల ఒక ముసలామె అబద్ధాలకోరుగా మట్టిలో కలిసిపోయింది. బరువు అది.

ఎవరితోనూ చెప్పలేదు. మీతోనే మొదలు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు నా పెళ్ళయింది. మా ఆయనకు కొత్తకోటలో రోడ్డు మీద లారీ టైర్ల దుకాణం. మొదటి భార్య సరిత జ్వరంతో పోయింది. ఆమె కూతురు శ్రావణి అప్పటికి బడికి వెళ్ళే వయసుకు వచ్చింది. సరితను కన్నతల్లి లచ్చమ్మది కొల్లాపూర్ దగ్గర పల్లె. నేను కాలు పెట్టిన రోజే ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, ‘ఇగ నువ్వే నా బిడ్డవు’ అంది. నేనూ అమ్మా అనే పిలిచాను. పిలవడం సులువే.

సరితకు ఆమె పెట్టిన కెంపుల కమ్మలు మా ఇంట్లో ఇనుపపెట్టెలో ఉండేవి. శ్రావణి పెద్దదయ్యాక పెట్టుకోవాలని దాచారు. కమ్మకొక రాయి, కందిగింజ కన్నా కాస్త పెద్దది. పాతకాలపు రాళ్ళు, సాన పట్టినవి కావు, నున్నగా ఉండేవి. లచ్చమ్మ తల్లి మంత్రసాని. వాళ్ళ పక్క ఊరి గడీలో దొరసానికి కాన్పు కష్టమైతే, బిడ్డ అడ్డం తిరిగితే, ఈమే చేత్తో సరిచేసి తల్లినీ బిడ్డనూ బతికించిందట. దొరసాని తన చెవుల నుంచి తీసి ఇచ్చిందట ఆ కమ్మలు. ఆ కథ లచ్చమ్మ ఎన్నిసార్లు చెప్పినా శ్రావణి నోరు తెరుచుకునే వినేది. వాడకట్టులో మాత్రం కొందరు మూతి తిప్పేవారు, మంత్రసానికి కెంపులెక్కడివి అని.

లచ్చమ్మ వచ్చినప్పుడల్లా కమ్మలు బయటికి తీసేది. కుంకుడు రసంలో ముంచి, మెత్తటి పాత చీర ముక్కతో తుడిచి, పొద్దుటి ఎండలో గడప మీద కూర్చుని మనవరాలికి చూపేది. నీడలో నల్లగా ఉన్న రాయి ఎండ తగలగానే లోపలి నుంచి వెలిగేది. పొయ్యిలో నిప్పు కణికను ఊదినప్పుడు వెలుగు లోపలే పాకుతుంది చూడండి, అట్లా. రాయిని చెంపకు ఆనించి చల్లదనం చూడమనేది. నిజం కెంపులో సన్నటి నారలాంటి గీత ఉంటుందనీ, గాజులో గుండ్రటి బుడగ ఉంటుందనీ ఆమే చెప్పింది. నేను వంటింటి ద్వారంలో నిలబడి అన్నీ విన్నాను. ఏ మాటా మరచిపోలేదు. మరచిపోయి ఉంటే బాగుండేది.

నాకు రెండు కడుపులు నిలవలేదు. రెండోది పోయినప్పుడు మా పెద్దమ్మ వచ్చి నా తల దువ్వుతూ చెప్పింది, పోయినామె ప్రాణం ఆ రాళ్ళలో ఉంది, ఆమెవి ఆమెకు చేరేదాకా నీ కడుపు పండదు అని. చేర్చడం ఎట్లా? నదిలో వేయమంది. నాకు మనసు రాలేదు. అంత అందమైన రాళ్ళను ఇసుకలో ఎట్లా పారేస్తాం? అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఎవరో చెప్పింది కాదు, నాదే. సరిత నా మెడలోనే ఉంది కదా. ఆమెవి ఆమెకే ఇస్తే సరి.

ఆ కమ్మలు తీసుకుని వనపర్తిలో మమ్మల్ని ఎరగని, బంగారు పని చేసే ఒక అవుసలాయన దగ్గరికి వెళ్ళాను. బిళ్ళ బోలుగా ఉంటుంది, లోపల లక్క పోసి ఉంటుంది. వెనక రేకు విప్పించి, లక్క తీయించి, రెండు కెంపులూ లోపల పెట్టించి, మళ్ళీ లక్క పోయించి మూయించాను. కమ్మల్లో ఎర్ర గాజు రాళ్ళు పొదిగించాను. ఆయన ఒక్కసారి తలెత్తి చూశాడు. మొక్కు అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత లచ్చమ్మ వచ్చినప్పుడల్లా తాళంచెవి కనబడడం లేదనో మరొకటో వంక చెప్పి, కమ్మలు బయటికి రానిచ్చేదాన్ని కాదు.

ఎవరి సొమ్మూ తీసుకోలేదనుకున్నాను. అమ్ముకోలేదు, పెట్టుకోలేదు, ఎవరివి వాళ్ళకే ఇచ్చాను అనుకున్నాను. తర్వాతి ఏడు బాబు పుట్టాడు. దవాఖానలో డాక్టరమ్మ రాసిన గోలీలు క్రమం తప్పకుండా వేసుకున్నాను కూడా. అయినా గోలీలను నమ్మలేదు, రాళ్ళనే నమ్మాను. నమ్మాక వాటిని ఎట్లా బయటికి తీస్తాను? తీస్తే బాబుకేమైనా అయితే?

భయమేనా? నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఒట్టి భయమే అయితే లచ్చమ్మనే అడిగి ఉండొచ్చు. ‘అమ్మా, ఇట్లా అంటున్నారు, ఏం చేద్దాం’ అంటే ఆమె కాదనేది కాదు, తనే వనపర్తికి వచ్చేది. అడగలేదు. ఆ గడప మీద ఎండలో వాళ్ళిద్దరూ తలలు ఆనించుకుని కూర్చుంటే, ఆ వెలుగు నాకు అందేది కాదు. దాన్ని తీసి నా మెడలో పెట్టుకోవాలని ఉండిందేమో. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. నిజమే మరి.

బాబుకు మాటలు బాగా వచ్చిన కాలంలో, మా వీధిలో రెండిళ్ళలో దొంగలు పడ్డారు. మా ఆయన ఇంట్లోని బంగారానికి ఇన్సూరెన్సు చేయిస్తానన్నాడు. రాళ్ళ నగలకు విలువ కట్టే మనిషితో రాయించుకుని రావాలన్నారట. మహబూబ్‌నగర్‌లో అట్లాంటి దుకాణం ఉంది. కబురు తెలిసి లచ్చమ్మ కొత్త చీర కట్టుకుని మరీ దిగింది. తన తల్లి సొత్తు ఎంత చేస్తుందో చెవులారా వినాలట. నేను తలనొప్పి అన్నాను, ఇంకో రోజు పోదామన్నాను. ఎవరూ వినలేదు. ఎరుపు ఎరుపే కదా, ఏం తెలుస్తుందిలే అని నాకు నేనే చెప్పుకుంటూ, శ్రావణితో పాటు వాళ్ళ వెంట బస్సెక్కాను.

దుకాణంలోని ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని కమ్మలు అటూ ఇటూ తిప్పాడు.

‘బంగారం పాతదే, మంచిగున్నది. రాళ్ళే గాజువి. వాటికి విలువ రాసుడు కాదు’ అన్నాడు.

‘జర సరిగ్గ సూడుండ్రి సార్. గడీల ఇచ్చినయంట గవి’ అన్నాడు మా ఆయన.

‘ఎవలిచ్చినా గాజు గాజే గదన్నా.’

మా ఆయన నవ్వాడు. చెడ్డవాడు కాదు, నవ్వే అలవాటు. ‘ఏం అత్తమ్మా, దొరసాని మీ అమ్మను మంచిగనే బోల్తా కొట్టించింది! మేమేమో గీ గాజుపెంకులకు ఇనుపపెట్టె పెట్టి కావలి గాస్తిమి.’

శ్రావణి ముఖం ఎర్రబడింది. కౌంటరు దగ్గర ఇంకా జనం ఉన్నారు. ‘మరి నాకు గన్ని కథలు ఎందుకు జెప్పినవ్ అమ్మమ్మా? మా క్లాసుల అందరికీ చెప్పిన నేను’ అంది.

లచ్చమ్మ చెయ్యి చాపింది. ‘ఆ అద్దం నాకియ్యి నాయినా.’

చూసింది. చాలాసేపు చూసింది. అద్దం దించి నన్ను చూసింది. తర్వాత నా మెడలో బిళ్ళను చూసింది, అదెందుకో నాకు తెలియదు, కూతురి బొమ్మ కాబట్టి చూసిందేమో. ఒక్క మాట. ‘అమ్మా, నేనే.’ అంతే చాలు. అనలేదు.

‘గాజేనయ్యా’ అంది ఆమె, అల్లుడితో. ‘మా అమ్మకేం ఎరుక. ఎర్రగున్నయని మురిసింది పిచ్చిది.’

బస్టాండులో తన బస్సు ఎక్కే ముందు నా చెయ్యి పట్టుకుంది. ‘పిల్లను మంచిగ సూసుకో బిడ్డా. నేనింకేం అడుగ.’

ఆమెకు తెలుసు. గాజును గాజని గుర్తుపట్టగలిగిన మనిషికి, అవి తన రాళ్ళు కావని తెలియదా? ఆమె బిడ్డ బిడ్డ నా చేతుల్లో ఉంది, నా వంట తింటుంది, నా ఇంట్లో పడుకుంటుంది. నన్ను దొంగను చేస్తే ఆ పిల్ల గతేమిటని లెక్క వేసుకుందేమో. తన తల్లిని మోసపోయిన పిచ్చిదాన్ని చేసి, తాను అబద్ధాలకోరయి, మనవరాలి కోసం నన్ను కాపాడింది. లేక నిజంగానే తన కళ్ళనే అనుమానించిందా? ఏది నిజమైనా నాకు తప్పించుకునే దారి లేదు.

తర్వాత ఆమె రావడం తగ్గించింది. వచ్చినా గడప మీద కూర్చునేది కాదు. మా ఆయన ఆ కమ్మలు మార్చి శ్రావణికి కొత్త రకం జుంకాలు తెచ్చాడు. వాడకట్టులో ‘గాజు కెంపుల ముసలమ్మ’ అన్న పేరు నిలిచిపోయింది. పోయినేడు ఆమె చనిపోయింది. శ్రావణి వచ్చింది, నిలబడింది, ఏడవలేదు. దినాలకు కాలేజీలో పరీక్షలున్నాయని రాలేదు. పరీక్షలు లేవని నాకు తెలుసు.

మొన్న మా బాబు అక్కను అడిగాడు, అమ్మమ్మ చెప్పే మంత్రసాని కథ చెప్పమని. నేను బియ్యం ఏరుతున్నాను.

‘అవన్నీ ఉత్త ముచ్చట్లురా’ అంది శ్రావణి, ఫోను నుంచి తలెత్తకుండా. ‘కెంపులు ఎంత నిజమో, ఆ కాన్పు గూడ గంతే నిజం.’

అడ్డం తిరిగిన బిడ్డను చేత్తో సరిచేసిన ఒక మనిషి ఉండేది. ఆమె రక్తం ఈ పిల్ల ఒంట్లో ఉంది. ఈ పిల్లకు గర్వంగా చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే, దాన్ని నేను లేకుండా చేశాను. రాళ్ళు తీసుకున్నందుకు ఏదో ఒక శిక్ష ఉంటుంది, ఉండనీ. దీనికి ఏ శిక్ష సరిపోతుందో నాకు తెలియదు. సరితకు ఇచ్చాననుకున్నాను. ఏ తల్లికి తన కూతురి చెవులకని దాచిన రాళ్ళు కావాలి? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నాకెందుకు తట్టలేదు?

క్షమించమని మిమ్మల్ని అడగను, మీది కాదు ఆ సొమ్ము. మా ఆయనకు ఇంకా తెలియదు. ముందు తెలియాల్సింది శ్రావణికి.

లచ్చమ్మ తల్లికి గడీలో ఇచ్చినవి నిజం కెంపులు. గాజు పెట్టించింది నేను. ఇదిగో, రాశాను. రాసినాక ఊపిరి కొంచెం లోపలికి పోతోంది. శ్రావణి బస్సు దిగే వేళయింది. రాగానే అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, నా నోటితోనే చెబుతాను. ఏమంటుందో తెలియదు.

అననీ.