కాలదోషం పట్టిన నోటు

బెళుగుప్పలో ప్రోనోటు రాయించుకోవాలంటే అందరూ యేసన్న దగ్గరికే వచ్చేవాళ్లు. మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివిన కూలి మనిషి. పొలం పనుల్లేని రోజుల్లో ఇంటి ముందు చాప వేసుకుని కాగితాలు రాసేవాడు. రాసిందంతా చదివి వినిపించాకే రెవిన్యూ స్టాంపు మీద వేలిముద్ర వేయించేవాడు.

1956లో వానల్లేక మేత కొనాల్సి వచ్చి, గొర్రెల కాపరి ఎర్రప్ప అంగడి చెన్నప్ప దగ్గర మూడు వందలు తీసుకున్నాడు. ఆ నోటు రాసింది యేసన్నే. నోటుకు మూడేళ్లే ఆయుష్షు. ఆలోగా బాకీదారు ఎంతో కొంత కట్టి, వెనకవైపు ఆ చెల్లు రాయించి వేలిముద్ర వేస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. లేకుంటే కాలదోషం పట్టి కోర్టులో పనికిరాదు.

1959 జూన్‌లో చెన్నప్ప ఎర్రప్పను వెంటబెట్టుకుని వచ్చాడు. ఎర్రప్ప పది రూపాయలు కట్టాడు. అప్పటికే గడువు దాటి తొమ్మిది రోజులు. చెన్నప్ప యేసన్న చెవి దగ్గరికి వంగాడు.

“చెల్లుకు పోయిన నెల తేదీ ఎయ్యప్పా.”

యేసన్న కలం ఆగింది. ఆ ఏడు అతని ఇంట్లో జొన్నలు చెన్నప్ప అంగడి నుంచే అరువుకు వస్తున్నాయి. రాసేశాడు. చదివి వినిపించేటప్పుడు తేదీ మింగేశాడు. ఎర్రప్ప ఏమీ అడగకుండా వేలికి సిరా పూసుకున్నాడు.

రెండేళ్లకు చెన్నప్ప దావా వేశాడు. ఎర్రప్ప నాలుగెకరాల మెట్ట పోయేలా ఉంది. నోటు రాసినవాడిగా యేసన్నకు సమన్లు వచ్చాయి.

“నిజం చెప్తే నిన్ను జైల్లో ఏస్తారంట గదా?” అంది భార్య పెద్దక్క.

“ఏస్తే ఏసినారు. నా మాట నమ్మి గదా వాడు వేలు పెట్టింది.”

బోనులో నిలబడి చెప్పేశాడు. “తేదీ నేనే వెనక్కి ఏసి రాసినా సామీ. అప్పటికే మూడేండ్లు దాటిండాది. ఎర్రప్పకు తెలీదు.”

దావా కొట్టేశారు. జడ్జి యేసన్నను అందరి ముందూ గట్టిగా మందలించి వదిలేశాడు. కోర్టు మెట్ల మీద ఎర్రప్ప ఆగాడు.

“నేల మిగిలింది. ఆ పొద్దే ఒక్క మాట చెప్పింటే ఏం పోయిండేదన్నా?”

చెన్నప్ప జొన్నలు ఆపేశాడు. కాగితం రాయమని ఇంకెవరూ రాలేదు. భార్యాభర్తలు గుంతకల్లు చేరి, స్టేషన్ దగ్గర శనక్కాయల మూటలు మోశారు.

మరుసటి ఏడు ఊరి మనిషి ఒకడు కనిపించి చెప్పాడు. ఎర్రప్ప గొర్రెలమ్మి, పది పోను మిగతా రెండు వందల తొంభై చెన్నప్పకు ఇచ్చేశాడట. కోర్టే కొట్టేసింది గదా అంటే, “దోషం నోటుకు పట్టింది. దుడ్లు తిన్నది నేనే గదా” అన్నాడట.

యేసన్న మూట దించి అక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాత ఎన్నేళ్లు బతికినా బెళుగుప్ప బస్సు ఎక్కలేదు.