కింద సామలు

తాగొచ్చిన మోసెస్ రోకలెత్తి పెళ్లాం నెత్తిమీద కొట్టాడు. ఎందుకనుకున్నారు? కూరలో ఉప్పు తగ్గిందట! సామలు చెరుగుతున్న సుజానా చేతిలో చేట ఎగిరిపడింది. రెండో దెబ్బకి వాడు రోకలెత్తేసరికి ఆమె తమ్ముడు ఆల్విన్ కత్తితో దూకి బావ మెడ నరికేశాడు. 1999లో, కురుపాం పైన ఒక కొండ ఊళ్లో జరిగిందిది.

సుజానా బతికింది. మాట తిరిగొచ్చింది గాని వరస రాలేదు. "తినీసి వొండినాను" అనేది. "సచ్చిపోనాడు, మరి రోకలెత్తినాడు" అనేది. జరిగినవన్నీ ఆమెకు గుర్తే. నోటికొచ్చేసరికి ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ పోయేవి. చూసిన సాక్షి ఆమె ఒక్కతే. మొదటి దెబ్బ మోసెస్‌దని చెప్పలేకపోతే తమ్ముడికి యావజ్జీవం పడుతుంది.

మోసెస్ అన్న ఫిలిప్పుకి కావలసిందదే. ఆదివారం ప్రార్థన అవగానే వచ్చి ఆమె జుట్టు పట్టేవాడు.

"ముందు నీ తమ్ముడు నరికినాడు, ఆనక నిన్నూ కొట్టినాడు. సెప్పే!"

తడబడితే చెంప పగిలేది. గుళ్లోంచి తిన్నగా వచ్చి ఈ పని, ఏం మనిషండీ! ఒకసారి సుజానా తల్లి అచ్చియమ్మ కత్తిపీట విసిరింది. ఫిలిప్పు చెవి తెగింది. మరో ఆదివారం మళ్లీ వచ్చాడు.

సంతకి బుట్ట సర్దుతూ ఒకనాడు అచ్చియమ్మ విసుక్కుంది.

"ముందేటేసినావే?"

సుజానా బిక్కమొహం వేసింది.

"పోనీ, కిందేటున్నాది?"

"కింద దుంపలు. దుంపల మీద పసుపు. ఆ మీద సీపుళ్లు."

తడుముకోకుండా చెప్పేసింది! అచ్చియమ్మ కూతుర్ని పట్టుకుని భోరుమంది.

కోర్టులో వకీలు అడిగాడు, ముందు ఏం జరిగిందని. "ముందు... సచ్చిపోనాడు" అంది సుజానా. ఫిలిప్పు మీసం దువ్వుకున్నాడు.

"ముందేటని అడక్కండి బాబూ! కిందేటని అడగండి!" వెనకనుంచి అచ్చియమ్మ అరిచింది. బంట్రోతు ఆమె రెక్క పట్టి బయటికి ఈడవబోయాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు.

"కింద ఏముందమ్మా?"

"సామలు బాబూ." సుజానా చేతులు గాలిలో ఒకదానిమీద ఒకటి పేర్చసాగాయి. "సామల మీద నా నెత్తురు. నెత్తురు మీద మోసెస్."

జడ్జిగారు పంచనామా తిరగేశారు. శవం కింద సామలు, నెత్తురంటిన ఆడమనిషి జుట్టు అని రాసుంది. ఆయన గొంతు తగ్గించారు.

"మోసెస్ మీద?"

"నా తమ్ముడు బాబూ. ఏడుస్తన్నాడు."