పదకొండో లైను

ఆ రోజు నేను చేసిన లెక్క ఆరో తరగతి పిల్లలు కూడా చేస్తారు. అది కూడా నేను ఫోన్‌లోనే చేశాను.

నాచారంలో మాదో చిన్న కాంట్రాక్టు ఆఫీసు. పాత టెలిఫోన్ లైన్ల మీద కంపెనీలకు నెట్ నడిపి పెట్టడం మా పని. ఏడాదిపాటు ఉద్యోగం లేక తిరిగి తిరిగి, చివరికి అక్కడ చేరాను. చేరి మూడు నెలలు. నాకు పని నేర్పినాయన నల్గొండ వైపు మనిషి, యాభై ఐదు దాటాయి, ఆఫీసులో అందరికీ అన్న. కళ్లలో శుక్లాలు వచ్చి చిన్న అక్షరాలు ఆనేవి కావు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ ఉద్యోగంతో వచ్చిన దవాఖానా కార్డు మీదే ఆయన భార్యకు, మా వదినకు, వారానికి రెండుసార్లు డయాలిసిస్ జరిగేది. ఉద్యోగం పోతే కార్డు పోతుంది. ఆయన భయమంతా అదే.

అందుకని లెక్క నేను వేసేవాణ్ణి, సంతకం ఆయన పెట్టేవాడు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కిందివాడు వేసిన అంకెను పెద్దవాడు మళ్లీ వేసి చూడడు. చూస్తే నమ్మలేదని అర్థం. ఇంత పిచ్చి మర్యాద ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

ఒక మందుల కంపెనీకి నాచారం నుంచి చర్లపల్లి గోదాముకు ఇరవై ఎంబీ వేగం కావాలి. ఆ దారిలో ఉన్నవి ఈ-వన్ అనే పాతకాలం లైన్లే, ఒక్కోటీ రెండు ఎంబీల పైచిలుకు. దరఖాస్తు కాగితమూ ఆ కాలానిదే. ఎంబీలు రాస్తే తీసుకోరు, ఎన్ని ఈ-వన్‌లు కావాలో రాయాలి. ఫోన్‌లో కొలతలు మార్చే పేజీ తెరిచి ఇరవై అని కొట్టాను. తొమ్మిదీ ముప్పావు, ఆపైన ఇంకాస్త అని వచ్చింది. పది అని రాశాను. కొంచెం మిగులుతుందని సంబరపడ్డాను కూడా.

మొదటి రోజే అన్న నన్ను కూర్చోబెట్టుకుని, వేళ్ల కణుపులు లెక్కపెడుతూ చెప్పాడు. "సూడు తమ్మీ, ఒక్క లైన్ల ముప్పై రెండు అరలుంటయ్. మొదటి అర లైను తనకోసమే పెట్టుకుంటది. మన సామాను వొయ్యేది ముప్పై ఒక్క అరల్నే. గది మర్సిపోకు." ఆ పేజీ ముప్పై రెండు అరలనూ లెక్కేసింది. దానికి తెలియదు. నాకు తెలుసు. తెలిసినవాడికి బుద్ధి ఏమైందని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

లైన్లు వచ్చాయి, బిగించాం. కంపెనీ ఆఫీసరు మీటరు పెట్టాడు. గంటసేపు ఇరవై నిలబడాలి, అదీ ఒప్పందం. పంతొమ్మిది పాయింట్ ఎనిమిది దగ్గర ఆగింది. కేబుళ్లు పీకి మళ్లీ గుచ్చాను. మోడెమ్ పెట్టెలు ఆపి మళ్లీ వేశాను. చర్లపల్లిలో ఉన్నవాడికి ఫోన్ చేసి అక్కడివీ ఆపించాను. ఊళ్లో దేవతలందరికీ మొక్కాను. అంకె జరగలేదు. అప్పుడు అన్న తన వేళ్ల మీద మెల్లగా లెక్కపెట్టుకోవడం చూశాను. పదకొండు రాయాల్సింది. ఇప్పుడు పదకొండో లైను అడిగితే రావడానికి వారాలు పడుతుంది.

"సార్, జర టైమియ్యుండ్రి. ఇంకొక్క లైను ఏపిస్త," అన్నాడు అన్న. నా కంటే చిన్నవాడైన ఆ ఆఫీసరు వెనకే గేటు దాకా నడిచాడు, అదే మాట అంటూ. ఆఫీసరు ఒప్పుకోలేదు. ఒప్పందం రద్దయింది.

సాయంత్రం మా మేనేజరు కాగితం బల్ల మీద పెట్టాడు. "ఈ పది ఎవరు రాసిన్రు?"

అన్న ఒక్కసారి నా వైపు చూశాడు. "సంతకం నాదే గద సార్," అన్నాడు.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మళ్లీ ఏడాది రోడ్ల మీద తిరగడం గుర్తొచ్చింది. నోరు తెరవడానికి ఎంతసేపు పడుతుంది? అంతసేపూ నాకు దొరికింది. తెరవలేదు. అన్నను నెలాఖరుకల్లా మానెయ్యమన్నారు.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఉప్పల్‌లో బస్సు దిగి, బోడుప్పల్‌లో వాళ్లింటి దాకా నడిచాను. చెప్పేయాలి, మేనేజరు దగ్గరికి కూడా వెళ్లి చెప్పేయాలి అని దారంతా అనుకుంటూనే ఉన్నాను. వదిన చాయ్ పెట్టింది. నాకు గ్లాసు నిండా పోసి, తను రెండు చెంచాలు పోసుకుంది. ఆమెకు రోజంతా కలిపి నీళ్లు ఇన్నే అని డాక్టరు చెప్పాడట. చేతికి పట్టీ ఉంది. కార్డు లేకపోతే వచ్చే నెల ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు.

"ఏమైంది తమ్మీ గా లెక్క?" అంది. "నువ్వు పక్కనే ఉంటివి గద. మీ అన్నకు కండ్లు సక్కగ ఆనయని నీకెరుకే. ఒక్క లైను తక్కువ పడ్తదని జర చెప్పకపోతివా?"

అన్న తల ఎత్తలేదు. "వాడు కొత్తోడు. వానికేమెరుక," అన్నాడు.

చెప్పడానికే వచ్చాను. వదిన నా మొహంలోకి చూస్తోంది.

"అవును వదినా," అన్నాను. "నాకెరుక లేకుండె."