కాటా గదిలో ఒకే ఫోల్డరు

మా మేనేజరుకు గొప్పగా చూపించుకోవడానికి రెండే ఉండేవి. ఒకటి ఏసీ గది, రెండోది కంప్యూటర్లోని ఫోల్డరు. ఏసీ కరెంటు ఉన్నప్పుడే, అదీ దాని ఇష్టం మీద పనిచేసేది కాబట్టి అతిథులకు ఎక్కువగా ఫోల్డరే చూపించేవాడు.

అది పామాయిల్ గెలలు కొనే ఒక ప్రైవేటు యార్డు. అశ్వారావుపేటకు ఇవతల, రోడ్డు పక్కన ఉండేది. రైతులు ట్రాక్టర్లలో గెలలు తెస్తే కాటా మీద తూచి, దించుకుని, లారీల్లో మిల్లుకు పంపేవారు. డిగ్రీ అయిపోయి, బీఈడీ సీటు రాక, నేను పొద్దస్తమానం పుస్తకాలు చదువుతుంటే కళ్ళు పోతాయని మా ఇంట్లోవాళ్ళకు భయం పట్టుకుంది. అందుకని ఆ యార్డు కాటా గదిలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేర్పించారు. తెర వంక రోజంతా చూస్తే కళ్ళు పోవని వాళ్ళ నమ్మకం.

పని చిన్నదే. నిండు ట్రాక్టరు కాటా ఎక్కగానే రైతు పేరు, ఊరు, బరువు కొట్టి ఒక చీటీ సేవ్ చేయాలి. గెలలు దించాక ఖాళీ ట్రాక్టరు మళ్ళీ కాటా ఎక్కితే, అదే చీటీ తెరిచి ఖాళీ బరువు కలపాలి. ఒక్కో చీటీ ఒక్కో ఫైలు. ఆ ఫైళ్ళు నా కంప్యూటర్లో ఉండవు. యార్డుకు అటు చివర, ఆఫీసులో 'సర్వర్' అని భక్తిగా పిలుచుకునే పెట్టెలో, ఒకే ఒక్క ఫోల్డర్లో ఉంటాయి. యార్డు తెరిచిన రోజు తూచిన మొదటి ట్రాక్టరు నుంచి ఇందాక తూచిన ట్రాక్టరు దాకా అన్నీ అందులోనే. నాకు కావలసింది ఇందాకటి చీటీ ఒక్కటే. కానీ ఆ ఫోల్డరు తెరవమంటే అది ముందు తనలో ఉన్న ప్రతి ఫైలు పేరూ, సైజూ, తేదీ తీగ వెంబడి నాకు ఒప్పజెప్పాలి. అది పూర్తయ్యేదాకా తెర మీద ఒక టార్చిలైటు బొమ్మ అటూ ఇటూ ఊగుతూ ఉండేది. నేనేం నొక్కినా పలికేది కాదు. అలా అది ఊగుతున్నంతసేపూ బల్ల కింద పుస్తకం పెట్టుకుని నేను చాలానే చదివాను. జీతమిచ్చి నన్ను చదివించిన సంస్థ అదొక్కటే.

ఒకసారి ఖమ్మం నుంచి కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చాడు. సర్వర్ మూత కూడా విప్పలేదు. ఫోల్డరు తెరిచి, కాసేపు టార్చిలైటు వంక చూసి, నవ్వాడు.

"పాతయన్నీ ఏడాదికో ఫోల్డర్ చేసి పక్కకు పెట్టుండ్రి సార్. ఈ నెలయి ఒక్కటే ఈడ ఉంచుండ్రి. అయిపాయె."

"పార్టులేవీ మార్చక్కర్లేదా?" అన్నాడు మేనేజరు.

"ఏం లేదు సార్."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినట్టయ్యా?"

అతనికి టీ కూడా ఇప్పించలేదు. స్క్రూడ్రైవరు బయటికి తీయని మనిషి మాటకు మా మేనేజరు దగ్గర విలువ లేదు. పైగా ఏడాదికో ఫోల్డరు చేస్తే అతిథులకు చూపించడానికి ఏం మిగులుతుంది? ఆయన తన గదిలోని తెరను వాళ్ళ వైపు తిప్పి, జాబితా కిందికి జరుపుతూ పోయేవాడు. "చూశారా, ఇంకా ఉంది. ఇంకా ఉంది. ఇదంతా మనం చేసిందేనండి" అనేవాడు. గెలలు పండించింది తనే అన్నట్టుండేది ఆ 'మనం'. అతిథులు మర్యాదకు తలలు ఊపేవారు.

అకౌంట్లు చూసే ఆయనది మరో జబ్బు. ఈ పూట ఎన్ని లోడ్లు వచ్చాయో తెలుసుకోవడానికి కిటికీలోంచి బయటికి చూస్తే చాలు. ఆయన మాత్రం మాటిమాటికీ ఆ ఫోల్డరే తెరిచేవాడు. ఒకేసారి ముగ్గురం అడిగితే సర్వర్ ముగ్గురికీ మొదటినుంచీ ఒప్పజెప్పాలి. దాంతో కాటా ఆగిపోయేది. కాటా ఎందుకు ఆగిందో చూద్దామని మేనేజరు తన గదిలో ఆ ఫోల్డరును ఇంకోసారి తెరిచేవాడు. ఆయన చూస్తున్నంతసేపూ అది ఆగే ఉండేది. దీన్ని ఆయన 'మానిటరింగ్' అనేవాడు.

వానలు ఇంకా పడని జూన్ నెలలో ఒక మధ్యాహ్నం, ట్రాక్టర్ల వరసలోంచి ఒకామె దిగి నా కిటికీ దగ్గరికి వచ్చింది. దమ్మపేట అవతల, అడవి అంచు పల్లె ఆమెది. ట్రాక్టరు మీద ఉన్న తమ్ముడికి వాళ్ళ భాషలో ఏదో చెప్పి, నా వైపు తిరిగింది.

"ఎంతసేపయితది చెల్లె? మాది మొదటి కోత. నాలుగేండ్లు సాకినం."

తెలియదు అక్కా అన్నాను. అది నిజమే.

"జొన్న చేన్ల నూనె చెట్లు పెడితివి, ఆ నూనె తాగి బతుకుతవా అని మా బావలు నవ్విండ్రు. ఇయ్యాల లోడు కడ్తుంటే గూడ, పోయిరా పో, మల్ల గీడికే తెచ్చి పారబోస్తవు గదా అన్నరు. దించుకుంటరు గదా చెల్లె?"

దించుకుంటారన్నాను. గెలలు తాజాగా, ఎర్రగా మెరుస్తున్నాయి. అయితే కోసిన గెలను ఆ రోజే దించాలి. ఎండలో నిలబడితే పళ్ళు రాలతాయి, కాడ ఎండుతుంది, నూనె చెడుతుంది. యార్డులో ఇనప కొక్కెంతో కాడ గీరి చూసే తనిఖీ మనిషి ఒకడుండేవాడు. నిన్నటి గెల అని అతను అన్నాడంటే లోడు మొత్తం వెనక్కి పోవలసిందే.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే మేనేజరు గదికి అతిథులు వచ్చారు. నా తెర మీద టార్చిలైటు ఊగడం మొదలైంది. బయట డ్రైవర్లు కిటికీ చుట్టూ చేరారు.

"మేడం, ఏం దేవులాడుతున్నవ్ ఆ లైటేసి? నేనొచ్చి ఎతకనా?"

"బ్యాటరీలు అయిపోయినయేమోరా!"

"నీ పెండ్లి చీటీ గూడ దాంట్లనే ఉన్నదట. దొరికినంక జేస్తరట."

వాళ్ళ వైపు చూడకుండా పుస్తకంలో ఒకే వాక్యాన్ని పదిసార్లు చదివాను. అతిథులు జాబితా మొత్తం చూసి, టీ తాగి, మళ్ళీ చూశారేమో, సాయంత్రం కాటా మూసేసే వేళకు ఆమె ట్రాక్టరు ఇంకా గేటు బయటే ఉంది.

మర్నాడు పొద్దున ఆమె వంతు వచ్చింది. నిండు బరువు తీసుకున్నాను. ట్రాక్టరు లోపలికి వెళ్ళింది, కాసేపటికి నిండుగానే తిరిగి వచ్చింది. తనిఖీ మనిషి కాడ గీరి, నిన్నటివన్నాడట. అలా వెనక్కి పంపాలంటే కాటా ఎక్కించి చీటీ రద్దు చేయాలి. రద్దు చేయాలంటే చీటీ తెరవాలి. తెరవమన్నాను. టార్చిలైటు వచ్చింది.

ఆమె ట్రాక్టరు దిగి, ముందు చక్రం పక్కన, కాటా ఇనప పలక మీద కూర్చుంది.

"అక్కా, నువ్వు గూడ తూకంల వస్తున్నవ్!" అన్నాడు వెనక డ్రైవరు.

"రానీ. నన్నన్న కొంటరేమో జూస్త."

మేనేజరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన గోదావరి అవతలి మనిషి. కోపం వచ్చినా 'అండి' మానడు.

"ఏంటండి ఇది? లేవండి. వెనక బళ్ళున్నాయి."

"నిన్న నేను గూడ గట్లనే ఎనక ఉంటి సారు. ఎవరూ లేవలే."

"నిన్నటి గెలలు దించుకోకూడదండి. రూలు."

"అవ్, నిన్నటియే. పచ్చిగున్నప్పుడే తెచ్చిన. మీ గేటు కాడ ఎండబెట్టింది నేనా?"

"సిస్టం స్లోగా ఉంది. దానికి నన్నేం చేయమంటారు?"

"గెల ఆలిశమైతే ఎనక్కి పంపుతున్నవ్ గదా. సిస్టం ఆలిశమైతే దాన్ని గూడ ఎనక్కి పంపు."

డ్రైవర్లు ఈలలు వేశారు. మేనేజరు నా కిటికీ వైపు తిరిగాడు.

"ముందు ఆ చీటీ రద్దు చెయ్యమ్మా."

"తెరుచుకోవట్లేదు సార్."

"ఉండు, నేను వెళ్ళి చూస్తాను."

ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పదిమంది ముందు నేను నోరెత్తింది ఆ ఒక్కసారే. "మీరు చూడకండి సార్" అన్నాను.

డ్రైవర్లకు ఆ మాట చాలు. "జూడకుండ్రి సార్! మీ కాళ్ళు మొక్కుతం, జూడకుండ్రి!" అని ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. మేనేజరు ఎటూ కదలలేక అక్కడే నిలబడిపోయాడు. వరస పెరిగి రోడ్డెక్కింది. సత్తుపల్లి బస్సు దాని వెనక ఇరుక్కుని హారను కొట్టడం మొదలుపెట్టింది. ఆమె ట్రాక్టరు గేటు దాటి పోవడానికి దారి లేదు. చీటీ రద్దు కానిదే ఇంకో బండిని తూచడానికి వీల్లేదు. తెరిచి ఉన్నది మళ్ళీ యార్డులోకి పోయే దారి ఒక్కటే. ఆమె లోడును నిన్నంతా ఎండబెట్టిన ఫోల్డరే ఇప్పుడు దాన్ని వెనక్కి పోనివ్వలేదు.

"సరే, దించుకోండి. ఏదో పాపం, ఆడమనిషి" అన్నాడు మేనేజరు. అంత ఇరుకులోనూ ఆయనకు దయ చూపించే తీరిక దొరికింది.

ఆమె లేచి చీర దులుపుకుంది. తనిఖీ మనిషి అదే కొక్కెంతో గెలలు కిందికి లాగాడు. ఈసారి ఒక్క కాడా గీరలేదు. రాలిన పళ్ళను ఆమె తమ్ముడు గోనెసంచిలోకి ఎత్తి, అవి కూడా ఇచ్చాడు. ఖాళీ ట్రాక్టరు కాటా ఎక్కేసరికి జాబితా వచ్చి ఉంది. రద్దు మాట మరిచిపోయి, ఖాళీ బరువు కలిపి చీటీ ప్రింటు తీశాను.

"దీన్ని మా బావలకు జూపుత" అంది చీటీని మడుస్తూ. "ఆళ్ళకు సదువు రాదు. అయినా జూపుత."

రెండు వారాలకు ఆమె రెండో కోత తెచ్చింది. నేను వచ్చి కాటా గది తాళం తీసేసరికే గేటు ముందు ఉంది. "మీ సారు ఇంకా రాలే గదా? జల్దీ కానీ చెల్లె" అంది. ఆయన గదిలో కంప్యూటరు ఇంకా వేయలేదు, అకౌంట్లాయన టిఫిను దగ్గర ఉన్నాడు. చీటీ తొందరగానే తెరుచుకుంది. వెనక ఉన్న డ్రైవర్లు ఇది గమనించారు. ఆ నెల తిరిగేసరికి సగం ట్రాక్టర్లు పొద్దు పొడవకముందే వచ్చి వరస కట్టేవి.

మేనేజరు కూడా గమనించాడు. 'ఉదయం వచ్చిన లోడుకు ప్రాధాన్యం' అని గేటుకు బోర్డు రాయించాడు. ఈ పద్ధతి తనే ప్రవేశపెట్టానని అతిథులకు చెప్పి, ఎన్ని లోడ్లు పొద్దున్నే వస్తున్నాయో చూపించడానికి ఫోల్డరు తెరిచేవాడు.

ఆమె ఆ బోర్డును చూసిందో లేదో నాకు తెలియదు. ఆయన దాని కింద నిలబడి మాట్లాడే వేళకు ఆమె ఖాళీ ట్రాక్టరు మీద దమ్మపేట రోడ్డులో సగం దూరం పోయి ఉండేది.