బాలమణక్క కలిపిన నీలం

ఈ ఉదయం బీరువా సొరుగులోంచి చిన్న హోమియో సీసా తీసి మూత తిప్పగానే థిన్నర్ వాసన గుప్పుమంది. లోపల నీలం రంగు పూర్తిగా ఎండిపోయి అడుగున అట్ట కట్టింది. పుల్లతో గీకి చూశాను. పెచ్చు లేచింది తప్ప రంగు రాలేదు. అయినా మూత పెట్టబుద్ధి కాలేదు. వాసన గదంతా పరుచుకునేదాకా అలాగే కూర్చున్నాను. బయట మేడ్చల్ రోడ్డు మీద లారీల మోత ఎప్పటిలాగే ఉంది. నాకు మాత్రం శామీర్‌పేట చెరువు కట్ట మీది పొద్దుటి గాలి మొహానికి తగులుతున్నట్టుంది. పక్కనే బాలమణక్క గొంతుక్కూర్చుని, రంగులో ముంచిన పుల్లని ఆరబెడుతూ, "జర ఆగు సారు, తడి మీద అడగొద్దు" అంటున్నట్టుంది.

బాలమణక్క మేడ్చల్‌లో కార్ల రంగులు అమ్మే దుకాణంలో రంగులు కలిపే మనిషి. యాభై దాటిన వయసు, నడుముకి బిగించిన కొంగు, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు. శామీర్‌పేటలో చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. వయసులో ఉండగా ఆ దుకాణంలో ఖాళీ డబ్బాలు కడిగే పనికి చేరి, చూసి చూసి రంగులు కలపడం నేర్చుకుంది. గీతలు పడ్డ కారు తలుపు ముందు కాసేపు నిలబడి, లోపలికెళ్ళి చెంచాడు తెలుపులో ఇంత నలుపు, అంత పసుపు కలిపి తెచ్చేది. వేశాక కొత్త రంగు ఎక్కడ మొదలైందో కారు యజమానికే తెలిసేది కాదు. మొదటిసారి నేను "బాలమణి గారూ" అని పిలిస్తే, "గారు గీరు ఏంది సారు, గట్ల పిలిస్తే పలకబుద్ధి గాదు" అంది. నన్ను మాత్రం చివరిదాకా సారు అంటూనే నువ్వు అనేది. గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి కనక ఆ రెండూ ఒకే నోట వినడం నాకు కొన్నాళ్ళు తమాషాగా ఉండేది.

నా గురించి కూడా కొంచెం చెప్పాలి. కాలేజీలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెబుతాను. ఎవరి మనసూ నొప్పించనివాడినని పేరు. పిల్లలు వంకర గీతలు గీసుకొచ్చినా "బాగుంది" అని సంతకం పెట్టేవాణ్ణి. కూరలో ఉప్పు మరిచిపోయినా "బాగుంది" అనేవాణ్ణి. "మీ బాగుందికి ఓ విలువా పాడా? గోడని అడిగినా ఒకటే, మిమ్మల్ని అడిగినా ఒకటే" అని మా ఆవిడ విసుక్కునేది. దాన్ని నేను మంచితనం అనుకుని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

ఇంకో పిచ్చి కూడా ఉంది నాకు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి చిన్న విమానాలు చేస్తాను. అసలు విమానంలో డెబ్బై రెండో వంతు ఉంటాయవి, అరచేతిలో పడతాయి. వాటికి వేసే రంగులు బొటనవేలంత డబ్బాల్లో విదేశీ కంపెనీ ఒకటి చేసేది. పాతకాలపు యుద్ధవిమానం ఒకటి సగంలో ఉండగా ఆ కంపెనీ రంగుల తయారీ ఆపేసిందని తెలిసింది. అప్పటికి కుడి రెక్క అడుగుభాగానికి లేత నీలం వేశాను, డబ్బా అయిపోయింది. ఎడమ రెక్క బూడిదరంగు ప్లాస్టిక్‌గానే మిగిలింది. సికింద్రాబాద్ దుకాణాలన్నీ తిరిగాను. ఫలానా రంగుకి బదులు ఫలానాది అని ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద పట్టికలు ఉన్నాయి. వాటిని నమ్మి మూడు రంగులు తెప్పించాను. ఒకటి ఊదాకి పోయింది, ఒకటి సున్నంలా ఉంది, మూడోది బాత్రూం గోడకైతే సరిపోతుంది. "విమానానికి పక్షవాతం ఎప్పుడు తగ్గుతుందండీ?" అని మా ఆవిడ రోజూ పరామర్శించేది.

ఆ నీలం మీద నాకెందుకంత పట్టుదలో ఇప్పటికీ సరిగా చెప్పలేను. కింద నుంచి చూసేవాళ్ళకి విమానం ఆకాశంలో కలిసిపోయి కనబడకూడదని అడుగున ఆ రంగు వేస్తారు. కనబడకుండా ఉండటానికి కూడా ఒక రంగు కావాలన్న సంగతి నన్ను పట్టుకుంది. మా వైపు రోజూ శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. తలెత్తి వాటిని చూసినప్పుడల్లా, వాటి వెనక ఉన్న నీలంలో నాది ఏదా అని వెతుక్కునేవాణ్ణి.

చివరికి ఒక రోజు విమానాన్ని చెప్పుల అట్టపెట్టెలో పెట్టుకుని బాలమణక్క ఉండే దుకాణానికి వెళ్ళాను. అంతకు ముందు నా కారు తలుపుకి రంగు కలిపింది ఆమే.

"గిదేంది సారు, పిల్లల బొమ్మనా?"

"నాదేనక్కా."

"గింత దానికి గంత పరేషానా!" అని నవ్వింది. కానీ నీలం రెక్కని వెలుతురులోకి తిప్పాక నవ్వు ఆగింది. కళ్ళు చిన్నవి చేసుకుని చాలాసేపు చూసింది.

ఆ నెలలోనే దుకాణం సేటు కొత్త మిషన్ తెప్పించాడు. కారు మీద ఆనిస్తే చాలు, ఏ రంగు ఎంత కలపాలో అదే చెబుతుంది. ఆయనే ఉత్సాహపడి నా రెక్క మీద దాన్ని పెట్టి చూశాడు. రెక్క మరీ సన్నం, పైగా వంపు తిరిగింది. మిషన్ కన్ను దానికంటే పెద్దది. రెండుసార్లు కూతపెట్టి ఊరుకుంది. బాలమణక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "దానికి రానిది నాకొస్తది. ఐతారం కట్ట మీదికి రా సారు. గీ ట్యూబులైట్ కింద అయ్యే పని గాదిది" అంది. గొంతులో ఒక పంతం వినబడింది. మిషన్ వచ్చాక కూడా తన కన్నుకి పని ఉందని సేటుకి చూపించడానికి ఆమెకి నా రెక్క దొరికింది.

అలా మొదలయ్యాయి ఆ ఆదివారాలు. ఎండ ముదరక ముందే కట్ట మీద కూర్చునేవాళ్ళం. చెరువు మీద పొగమంచు ఇంకా లేస్తూ ఉండేది. దూరంగా ఎవరో వల విసిరితే చప్పుడు మాకు ఆలస్యంగా వినబడేది. ఆమె చిన్న చిన్న సీసాలు వరసగా పెట్టుకుని, పుల్ల ఐసు పుల్ల కొసని రంగులో ముంచి, మట్టిలో గుచ్చి ఆరనిచ్చేది. అది ఆరేదాకా రంగు మాట ఎత్తనిచ్చేది కాదు. ఎప్పుడో చిన్నప్పటి సంగతులు చెప్పేది. "మా బాపు తెప్ప మీద పోయేటోడు. నేను ఈడనే కూసోని సూసేదాన్ని. గడియకో తీరు నీళ్ళుండేటియి. ఇంటికి పోయి మా అవ్వకు జెప్పుదామంటే గా రంగుకు పేరే దొరకకపోయేది." ఆ మాటలు వింటూ నేను సగం నిద్రలో ఉన్నట్టు నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయేవాణ్ణి. నా వారమంతటిలో అంత హాయి మరెక్కడా ఉండేది కాదు.

పుల్ల ఆరాక పరీక్ష ఉండేది. దాన్ని రెక్క పక్కన పెట్టి, "ముందుగాల నీళ్ళ దిక్కు సూడు. ఇగ గిటు తిరుగు. మొదటి సూపుల ఏం గనిపిచ్చింది, జల్దీ జెప్పు. సూసుకుంట కూసుంటే కన్ను సర్దుకుంటది, అన్ని ఒక్క తీర్గనే గనిపిస్తయి" అనేది. నేను చెప్పేలోపే తనే "కాలే, ఎరుపెక్కువైంది" అని పుల్ల పక్కన పడేసేది. పదకొండు పుల్లలు అలా పోయాయి. నాకు తొందరేమీ లేదు. ఆ పని ఎప్పటికీ తెమలకపోయినా బాగుండుననిపించేది.

పన్నెండో పుల్ల ఆరాక ఆమె మొహం వెలిగిపోయింది. "ఇగ ఇది సారు. సూడు." నేను నీళ్ళకేసి చూసి, వెనక్కి తిరిగాను. మొదటి చూపులోనే తెలిసిపోయింది. పుల్ల మీద ఉన్నది నీలం కాదు, పసుపు పడి ఆకుపచ్చకి తిరిగిన రంగు. ఇంత తేడా ఆమెకెలా కనబడలేదా అని ఆశ్చర్యపోయాను. తలెత్తితే ఆమె నా నోటికేసే చూస్తోంది, పరీక్ష రాసిన పిల్లలా.

"బాగుందక్కా. సరిగ్గా సరిపోయింది" అన్నాను.

ఆమె చేతులు రెండూ చెరువులో కడుక్కుని, తడి చేత్తోనే నా భుజం చరిచింది. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని నీలం రెక్కనీ పుల్లనీ పక్కపక్కన పెట్టి సేటుకి చూపించింది. ఆయన ట్యూబులైటు కింద చూసి తలాడించాడు. నేను ఇంటికొచ్చి ఎడమ రెక్కకి ఆ రంగే వేసి, విమానాన్ని కిటికీ పక్క అలమరలో బోర్లించి పెట్టాను. పొద్దున ఎండ పడినప్పుడు రెండు రెక్కలూ రెండు ఊళ్ళవాళ్ళలా కనబడేవి. దాన్ని కొంచెం గోడవైపు తిప్పి పెట్టాను. ఒక మంచి మనిషిని సంతోషపెట్టాను కదా అని సరిపెట్టుకున్నాను.

కొన్ని నెలల తరవాత స్కూటర్‌కి రంగు కావాలని దుకాణానికి వెళితే కౌంటర్ దగ్గర ఆమె లేదు. మిషన్ ఉంది. వెనక పంపు దగ్గర డబ్బాలు కడుగుతూ కనబడింది. ఎవరిదో నీలం కారు తలుపుకి ఆమె కలిపిన రంగు వేస్తే ఎండలో తలుపు ఒక్కటే వేరేగా కనబడిందట. ఆ పెద్దమనిషి నానా యాగీ చేశాడట. అలాంటివి వరసగా మూడయ్యేసరికి సేటు ఆమెని మొదట్లో చేరిన డబ్బాలు కడిగే పనికే పంపేశాడు.

నన్ను చూసి ఆమె డబ్బాని పంపు కిందే వదిలి లేచింది. "నా కన్నుకేమైంది సారు? మంచిగనే ఉన్నది. నీ ఇమానానికి కలిపితి గద. నువ్వే అంటివి గద, సరిగ్గ సరిపోయిందని. గా మాటే సేటుకు జెప్పు సారు, జర."

పంపులోంచి నీళ్ళు డబ్బా నిండి పొర్లిపోతున్నాయి. అప్పుడు కూడా అబద్ధం చెప్పడం తేలికే. సేటు దగ్గరికి వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పోవచ్చు.

"సరిపోలేదక్కా" అన్నాను.

"ఎప్పుడు దెలిసింది?"

"ఆ రోజే. మొదటి చూపులోనే."

ఆమె తిట్టలేదు. పంపు కట్టేసి, డబ్బా బోర్లించి, ఇంకో డబ్బా తీసుకుంది. "పో సారు" అంది, తలెత్తకుండానే. ఆ రెండు మాటలూ నేను మోసుకుని ఎలా ఇంటికి చేరానో గుర్తులేదు. నా మంచితనం మీద నాకు అసహ్యం వేసింది. నేను ఆనాడే నిజం చెప్పి ఉంటే ఆమె ఆనాడే కళ్ళు చూపించుకునేది. నా ఒక్క మాట నమ్మి, కన్ను బాగుందనుకుని, పొర ముదిరేదాకా రంగులు కలుపుతూ పోయింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలని, ఆ పసుపు పొర వెనక నీలం తేడాలు తెలియవని డాక్టర్లు చెప్పారట. ఆపరేషన్ అయిన సంగతి నాకు దుకాణంలో తెలిసింది. వెళ్ళడానికి మొహం చెల్లలేదు. రెండు నెలలకి ఆమే ఫోన్ చేసింది. "ఐతారం కట్ట మీదికి రా సారు. గా ఇమానం దెచ్చుకో."

నేను వెళ్ళేసరికి ఆమె నల్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూ ఉంది. నేను పక్కన కూర్చున్నా తిరగలేదు. "సెరువు గింత నీలముండెనా సారు? ఎన్నేండ్లాయె సూడక. నాకు యాదికే లేదు" అంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. మా తల మీదుగా విమానం ఒకటి వెళ్ళి, చప్పుడు తగ్గి, మళ్ళీ అంతా సద్దుమణిగింది. అప్పుడు చెయ్యి చాపింది. విమానాన్ని తిరగేసి, నీళ్ళకేసి ఒకసారి చూసి, రెక్కల మీదికి చూపు తిప్పింది. పగలబడి నవ్వింది.

"నీ నోట్ల మన్నువడ! గీ ఆకుపచ్చను జూసి బాగుందంటివా?"

నేనూ నవ్వబోయాను. ఆమె నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది. "నా కండ్లకు పొర వచ్చె సారు. నీకేమొచ్చె?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. కొంగు మూట విప్పి సీసాలు తీసింది. నాలుగో పుల్లకే అసలు నీలం దొరికింది. హోమియో సీసాలో పోసి మూత బిగించి ఇస్తూ, "కొత్త దానికెయ్యి. గీ రెక్క మాత్రం గిట్లనే ఉండనియ్యి. నీ కండ్ల ముంగట ఉండాలె" అంది.

పెద్ద డబ్బాల పని మిషన్‌దే అయింది. మిషన్‌కి అంతుపట్టని పాత బండ్ల రంగులకి మాత్రం సేటు ఆమెనే పిలిచేవాడు. నేను ఆదివారాలు వెళుతూనే ఉన్నాను, ఆమె పక్కన కూర్చుని రంగులు కలపడం కొంచెం కొంచెం నేర్చుకున్నాను. కాలేజీలో నా పద్ధతి మారింది. పిల్లలు గీతలు తెస్తే మొదటి చూపులో కనబడ్డ తప్పు వేలుపెట్టి చూపిస్తాను. సార్ పాడైపోయాడని వాళ్ళు గొణుక్కున్న మాట నా చెవినా పడింది. మా ఆవిడ మాత్రం ఇప్పుడు కూర ముందు నాకే రుచి చూపిస్తుంది.

పోయిన చలికాలం బాలమణక్క పోయింది. ఆ సీసాలో రంగు ఇన్నాళ్ళూ పిసినారిలా దాచుకున్నాను. ఈ ఉదయం చూస్తే ఎండిపోయింది. రంగులు దొరకడం ఆగిపోవడం నాకిది రెండోసారి. ఈసారి ఆగిపోయింది కంపెనీ కాదు.

ఎండ ముదరక ముందే కట్ట మీదికి వచ్చాను. సీసాలు వరసగా పెట్టుకున్నాను. రెండు రంగుల రెక్కల విమానాన్ని పక్కన బోర్లించాను. నాలుగో పుల్ల ఆరేదాకా ఓపిక పట్టి, నీళ్ళకేసి చూసి, చూపు తిప్పాను. దగ్గరగా వచ్చింది, చాలా దగ్గరగా. ఎవరు చూసినా సరిపోయిందనే అంటారు. "బాగుంది" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది.

"ఇంకా కాలేదక్కా" అని పైకే అన్నాను. ఐదో పుల్ల తీసుకున్నాను.