చివరిదాకా చెయ్యని లెక్కలు

మా పక్కింటి సార్ పోయారన్న కబురు సోమవారం పొద్దున నేను దీపం పెడుతుండగా వచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా ట్రాక్టర్ ఫ్యాక్టరీలో ఆయన చేసిన ఉద్యోగం గురించే మాట్లాడారు. మాకు నేర్పిన లెక్కల మాట ఒక్కరూ ఎత్తలేదు. పదో తరగతి తర్వాత నేను కాగితం మీద నాలుగు వాక్యాలు రాసింది లేదు. ఆ లెక్కల కోసమే ఇప్పుడు కలం పట్టాను.

ఎంబీఏ ప్రవేశ పరీక్షలో పోయినేడు మా అమ్మాయికి మంచి ర్యాంకు రాలేదు. ఈసారి కూడా సీటు రాకపోతే చదువు మానేస్తానంది. దాన్ని ముంచింది ఒక్క రకం లెక్కలే. పైన ప్రశ్న, కింద రెండు వాక్యాలు ఉంటాయి. జవాబు కనుక్కోనక్కర్లేదు. కనుక్కోవడానికి మొదటి వాక్యం చాలునా, రెండోది చాలునా, రెండూ కావాలా, రెండూ ఉన్నా చాలవా, అది చెబితే చాలు. మా అమ్మాయి మాత్రం ప్రతిదాన్నీ చివరిదాకా చేసి టైం పోగొట్టుకునేది.

సార్ దాన్ని రోజూ తమ వరండాలో కూర్చోబెట్టుకున్నారు. ఒక వాక్యం చదివేటప్పుడు రెండోదాన్ని అరచేత్తో మూసేవారు. నేను పక్కనే అల్లానికి అంటిన మట్టి తీస్తూ వినేదాన్ని.

ఒకరోజు లెక్క ఇది. ట్రాలీలో బస్తాలెన్ని? మొదటి వాక్యం: ఐదేసి చొప్పున దించితే ఏమీ మిగలవు. రెండోది: ఇరవై కన్నా ఎక్కువ, ముప్పై కన్నా తక్కువ. రెండోది ఒక్కటే చాలు, ఇరవై ఐదు బస్తాలు అంది అమ్మాయి. నాకు నోరు ఆగలేదు.

"ఐదు సంగతి మొదటిదాంట్ల గదా ఉన్నది. రెండోదాంట్లకు ఎట్లొచ్చింది?" అన్నాను మెల్లగా.

సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మీ అమ్మ పట్టేసింది బిడ్డా. రెండోది చదివేటప్పుడు మొదటిదాన్ని జర మర్చిపోవాలె. చెల్లె, రేపటి సంది నువ్వు గూడ కూసో."

ఆ తర్వాత నాకు అదే లోకమైంది. స్తోత్రం మధ్యలో జవాబు తట్టి నవ్వొచ్చేది. దేవుడికి దండం పెట్టుకొని, తప్పయిందని చెప్పి, మళ్లీ మొదటినుంచి చదివేదాన్ని.

పరీక్ష నాటికి సార్ దవాఖానలో ఉన్నారు. సెంటర్ నుంచి నేరుగా అక్కడికే పోయాం. ఎన్ని రాశావని ఆయన అడగలేదు.

"ఎన్నిటిని కడదాక చేసినవ్?"

"ఒక్కటి గూడ చెయ్యలె సార్. చాలునో చాలదో చూసి ఆపేసిన."

"ఇగ నాకు ఫికర్ లేదు" అని ఆయన కళ్లు మూసుకుని నవ్వారు.

ఆయన పోయిన ఐదో రోజు ర్యాంకు వచ్చింది. ఈ ర్యాంకుకు సీటు ఖాయమన్నారు. ఫోన్ పట్టుకొని ఇద్దరం పక్కింటికి పరిగెత్తాం. గుమ్మం దగ్గర నాకు మైల గుర్తొచ్చి కాళ్లు ఆగాయి. సార్ భార్యను నేను వదినా అని పిలుస్తాను. ర్యాంకు మాట వింటూనే ఆమె లోపలికి పోయి చక్కెర డబ్బా తెచ్చింది. దినాలైనంక తింటాం వదినా అన్నాను.

"మీ సార్ ఉంటే అందాక ఆగనిస్తుండెనా?" అంటూ అమ్మాయి నోట్లో పిడికెడు పోసింది. నేనూ చెయ్యి చాచాను. కాస్త తానూ వేసుకుంది. ముగ్గురం నోటినిండా చక్కెరతో గుమ్మంలోనే నిలబడ్డాం.

మైల ఇంట్లో తీపి తిన్నానని మా వాళ్లకు తెలియదు. ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా, చదివాక మీ దగ్గరే భద్రంగా పెట్టుకోండి. ఎవరికీ చూపించకండి.