మెట్ల గోడ మీది అద్దం

గన్‌ఫౌండ్రీలో మా దుకాణం ఎదుటి సందులో ఒక పాత మేడను కూలగొడుతున్నారు. పొద్దున్నే గునపాలు మొదలవుతాయి. దుమ్ము లేవకుండా గొట్టంతో నీళ్లు కొడతారు. ఆ నీళ్లు పడగానే ఎప్పటిదో డంగుసున్నం లోంచి ఒక వాసన లేస్తుంది, తడిసిన బూడిదలాగా, చాలాకాలం మూసి ఉంచిన బావి మూత తీసినట్టుగా. బ్యాంకులకు వెళ్లేవాళ్లు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దాటిపోతారు. నేను మాత్రం చేతిలో పని ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడతాను. అది నా చిన్నతనపు వాసన. దానికి సంతోషించాలో భయపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మేముండిన ఇంటిని జాలీల మేడ అనేవాళ్లు. ఎవరో నవాబుగారి బంధువులు కట్టించిందట. మా కాలానికి నవాబూ లేడు, బంధువులూ లేరు, గదికొక కుటుంబం చొప్పున కిరాయిదార్లం మాత్రం మిగిలాం. కిటికీలకు చెక్క జాలీలు ఉండేవి. మధ్యాహ్నం వాటి నీడలు వాకిట్లో పడితే ఆ గళ్లలో మేం గోలీలాడుకునేవాళ్లం. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా అమ్మ వడియాలు పెట్టిన చాప పక్కనే పాలమూరు నుంచి వచ్చినవాళ్లు ఎర్రటి మిరపకాయలు ఆరబోసేవాళ్లు. ఆ ఘాటుకు మేమంతా తుమ్ముతూనే ఆడేవాళ్లం. చలికాలం రాత్రుళ్లు ఎగ్జిబిషన్ మైదానం నుంచి మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు వినిపించేవి. చొక్కా రంగు, నిక్కరు రంగు, ఏడుస్తున్నాడనీ చెప్పేవాళ్లు. నేను దుప్పటి కప్పుకుని, ఆ పిల్లాడి కోసం ఎవరైనా వచ్చారా లేదా అని వింటూ పడుకునేవాణ్ని. వచ్చారని మాత్రం ఎప్పుడూ మైకులో చెప్పేవాళ్లు కాదు.

స్టేషన్‌లోకి రైలు వచ్చినప్పుడల్లా మా కప్పు నుంచి సన్నటి పొడి రాలేది. కూత వినగానే అమ్మ చెయ్యి దానంతటదే కదిలి అన్నం గిన్నె మీద పళ్లెం బోర్లించేది. చాలా ఇళ్లలో ఆడవాళ్లు అలాగే చేస్తారని నేను అనుకునేవాణ్ని.

మా మెట్ల గోడకు ఒక బీట ఉండేది. కింద నా వేలు పట్టేది, పైన మూడో అంతస్తు దగ్గర పావురం దూరేది. ఆ మూడో అంతస్తులో సత్తెమ్మ, ఆమె కూతురు లచ్చిమి ఉండేవాళ్లు. సత్తెమ్మ పెళ్లిళ్లలో వంటలకు పోయేది. తెల్లారకముందే బయలుదేరి చీకటి పడ్డాక వచ్చేది. మిగిలిన బూందీ, బగారన్నం గిన్నెలో తెచ్చి మాకందరికీ పంచేది. లచ్చిమి నా ఈడుదే. గోలీల్లో నన్ను ఓడించి, "ఏం రా, ఏడుస్తవా, అమ్మకు చెప్తవా?" అని వెక్కిరించేది. నేను చెప్పేవాణ్ని కూడా.

ఇక పెద్దన్న. ఆయన మా ఎమ్మెల్యే. నేను పుట్టకముందే గెలిచాడు, నాకు మీసాలు వచ్చేదాకా గెలుస్తూనే ఉన్నాడు. తెల్ల ధోవతి, భుజాన తువ్వాలు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. పొద్దున్నే ఆయన ఇంటి వరండాలో జనం నిండిపోయేవాళ్లు. దవాఖానలో మంచం దొరకనివాళ్లు, బడిలో సీటు రానివాళ్లు, కొడుకును పోలీసులు పట్టుకుపోయినవాళ్లు వచ్చేవాళ్లు. ఆయన ఎవరినీ రేపు రమ్మనేవాడు కాదు. చెప్పులేసుకుని వాళ్లతోనే బయలుదేరేవాడు. మా నానమ్మకు ఊపిరాడని రోజు తన కారులో తనే దవాఖానకు తీసుకుపోయాడు. మా సందులోకి నల్లా వచ్చింది ఆయన వల్లే. ఇవన్నీ నిజాలు. వీటిని దాటేసి తక్కినది చెబితే నేను మళ్లీ ఇంకో అబద్ధం చెప్పినట్టవుతుంది.

ఆయనకొక పద్ధతి ఉండేది. కూలే ఇళ్లు ఖాళీ చెయ్యమని మున్సిపాలిటీవాళ్లు వచ్చినప్పుడల్లా ఆయన వచ్చి ఆ ఇంట్లో కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. వాదించడు, అరవడు. చాయ్ తెప్పించుకుని, వచ్చిన అధికారికి కూడా ఒక కప్పు ఇప్పించి, తలెత్తి ఇంటి పైకప్పు వైపు చూసేవాడు.

"కూసున్న గద నేను. పడ్డదా?"

అందరూ నవ్వేవాళ్లు. అధికారి కూడా మొహమాటంగా నవ్వి, చాయ్ తాగి వెళ్లిపోయేవాడు. పెద్దన్న కూర్చుని లేచిన ఇల్లు పడదని మా సందులో ఒక నమ్మకం ఏర్పడింది. కొత్త గోడకు గుమ్మడికాయ కట్టినట్టు, పాత గోడకు పెద్దన్నను కూర్చోబెట్టేవాళ్లం. ఖాళీ చేస్తే ఊరి చివర ఎక్కడో ఇళ్లిస్తారట. అక్కడికి పోతే మా వాళ్లకు పని దొరకదు. పెద్దన్నకు మా ఓట్లు దొరకవు. ఈ రెండు భయాలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఆ మేడను నిలబెట్టాయి.

ఆ ఏడు వానలకు ముందు ఒక కొత్త ఇంజనీరు వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో గొడుగు. చాయ్ వద్దన్నాడు. మెట్ల గోడ మీద బీటకు అడ్డంగా వేలెడు వెడల్పున్న అద్దం పట్టీ పెట్టి, రెండు చివరలూ సిమెంటుతో అతికించి, దాని మీద ఎర్ర రంగుతో ఒక చుక్క పెట్టాడు. చుట్టూ మూగిన మాతోనూ పెద్దవాళ్లతోనూ కలిపి చెప్పాడు.

"గోడ కదిలితే ఇది పగులుతుంది. పగిలిన రోజు ఇక ఆలోచించకండి. బట్టలు సర్దుకోవద్దు, గిన్నెలు సర్దుకోవద్దు. బయటికి వచ్చెయ్యండి."

ఆ మాట అందరికంటే శ్రద్ధగా విన్నది సత్తెమ్మ. ఆ రోజు ఆమెకు పని లేక ఇంట్లో ఉంది. గోడ రాత్రుళ్లు మూలుగుతోందని అప్పటికే చాలాసార్లు అనేది. జీడిమెట్లలో ఆమె తమ్ముడున్నాడు, రమ్మంటున్నాడు. కానీ పని అంతా ఇక్కడే, లచ్చిమి బడి ఇక్కడే. ఉట్టి భయానికి పోవాలా వద్దా అని తేల్చుకోలేకపోయిన మనిషికి ఆ అద్దం ఒక ఆధారమైంది.

"అది పలిగిందంటే మాత్రం నేనుండను," అంది అమ్మతో. "పిల్లను తీస్కొని మా తమ్ముని కాడికి వోత. పెద్దన్న కాదు, దేవుడొచ్చి కూసున్నా ఆగ."

మెట్ల దగ్గర దీపం ఉండేది కాదు. చీకట్లో పోయి చీకట్లో వచ్చే మనిషికి అద్దం కనిపించదు. అందుకని రోజూ రాత్రి మా గుమ్మం ముందు ఆగి నన్ను అడిగేది.

"అద్దం మంచిగుందా బిడ్డా?"

"ఉంది పెద్దమ్మా."

బూందీ నా చేతిలో పోసి పైకి వెళ్లేది.

మొదటి వాన పడిన వారంలోనే అద్దం పగిలింది. బడి నుంచి వచ్చి చూసింది నేనే. చుక్కకు సరిగ్గా పక్కన, వెంట్రుక మందాన. నాన్నకు చెప్పాను. నాన్నది పటాలకు అద్దాలు కట్టే దుకాణం, గన్‌ఫౌండ్రీలో ఇప్పుడు నేను నడుపుతున్నదే. ఆయన ఇంజనీరు దగ్గరకు వెళ్లలేదు, పెద్దన్న దగ్గరకు వెళ్లాడు. సాయంత్రం పెద్దన్న వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. నాన్నను పేరు పెట్టి పిలిచేవాడు కాదు, కోస్తావాళ్ల మాటతీరును ఆట పట్టిస్తూ పిలిచేవాడు.

"ఏమండీ గారూ, ఇంత ఫికర్ ఎందుకండీ?"

"పగిలిందండీ. ఆయన వచ్చి చూస్తే ఖాళీ చేయిస్తాడు."

"వానాకాలంల ఇంతమందిని రోడ్డు మీద వడేస్తరా? వానలు వోనీ, గోడకు ఊతంగ దిమ్మె కట్టిపిస్త. మాటిస్తున్న." లవంగం దవడ మార్చి, నెమ్మదిగా అన్నాడు. "అయినా అద్దాలకేం కరువండీ, మీది అద్దాల దుకాణమే గద."

అంతకుమించి ఆయన ఏమీ అనలేదు. చెయ్యమని చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం, సత్తెమ్మ పనికి పోయాక, నాన్న కొత్త అద్దం కోసి తెచ్చాడు. సిమెంటు గిన్నె నేను పట్టుకున్నాను. పాతది గోకి తీసి, కొత్తది అతికించి, ఎర్ర రంగుతో చుక్క పెట్టాడు. చుక్క అచ్చం మొదటిదానిలాగే కుదిరింది. నా వైపు తిరిగి, "ఎవరైనా అడిగితే బాగానే ఉందని చెప్పు. అబద్ధం కాదుగా," అన్నాడు.

నిజమే, అబద్ధం కాదు. ఆ రాత్రి సత్తెమ్మ అడిగితే ఉందన్నాను. తరవాత ఆ అద్దం మళ్లీ పగిలింది. మళ్లీ పెట్టాం. ఒక్కోటి ముందుదానికంటే తొందరగా పగిలేది. చివరికి నాన్న దుకాణం నుంచి వచ్చేటప్పుడే ఒక పట్టీ కోసి సంచిలో వేసుకుని రావడం అలవాటైంది. అమ్మ ఆ రోజుల్లో గిన్నె మీద బోర్లించిన పళ్లెం తీయడం మానేసింది, రైలు వచ్చినా రాకపోయినా పొడి రాలుతూనే ఉండేది. పావురాలు మేడ విడిచిపోయాయి. ఇంజనీరు వారం వారం వచ్చి, గొడుగు మడిచి, అద్దాన్ని వేలితో తట్టి చూసి, ఏమీ అర్థంకానట్టు గోడ వైపు చాలాసేపు చూసి వెళ్లేవాడు. నాకు చెప్పాలనిపించేది. చెబితే నాన్నను ఏమంటారోనని ఆగేవాణ్ని. ఇది పిల్లవాడి భయమని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. కానీ సత్తెమ్మ రోజూ నన్నే అడిగేది. ఆ వేళ గుమ్మం దగ్గర మేం ఇద్దరమే ఉండేవాళ్లం. చెవిలో చెప్పినా సరిపోయేది.

బోనాల రోజు పొద్దుటి నుంచీ సన్నటి జల్లు. వేపాకు, పసుపు, సాంబ్రాణి, తడిసిన డప్పు తోలు వాసనలు సందంతా. పెద్దన్న వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన వచ్చాకే బోనం ఎత్తడం మా సందు ఆనవాయితీ. దండ పట్టుకుని పెద్దలు, డప్పుల వెంట పిల్లలు, కొత్త చీరల్లో ఆడవాళ్లు, మేడ మేడంతా సందు మొదట్లోకి నడిచింది. సత్తెమ్మ మాత్రం తలంటుకుని చీర మార్చుకుంటోంది. "మీరు వోండ్రి, పొయ్యి మీది బోనం దించుకొని వస్త," అని పైనుంచి కేకేసింది. లచ్చిమి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

పెద్దన్న కారు దిగాడు. దండ వేశారు. డప్పులు ఆగిన ఆ క్షణంలో వెనక నుంచి ఒక పెద్ద మనిషి గట్టిగా ఊపిరి విడిచినట్టు శబ్దం వచ్చింది. తిరిగి చూస్తే మేడ ఉండాల్సినచోట తెల్లటి దుమ్ము నిలబడి ఉంది. అప్పుడు వచ్చింది ఆ వాసన.

పెద్దన్న మెడలో దండతోనే పరుగెత్తాడు. ఇటుకలు చేతులతో తీశాడు, గోళ్లు చిట్లి రక్తం కారింది. సత్తెమ్మను బయటికి తీసినప్పుడు ఆయన ఏడ్చిన ఏడుపు దొంగది కాదు. మర్నాడు ఆమె పాడె మోశాడు. అదే రోజు జనం ఇంజనీరును పట్టుకున్నారు.

"ఏం జూసినవ్ నువ్వు? వారం వారం వచ్చి ఏం జూసినవ్?"

"మొన్ననే చూశానయ్యా. అద్దం పగల్లేదు," అంటున్నాడాయన. గొడుగు ఎవరో లాగి విరిచారు. నాన్న అక్కడే ఉన్నాడు. నేనూ ఉన్నాను. పెద్దన్న ఒక్కసారి నాన్న వైపు చూశాడు, నాన్న నేల చూశాడు. అంతటితో ఆ సంగతి ముగ్గురి మధ్య పూడిపోయింది.

"ఇడిచిపెట్టుండ్రి, ఆయనేం జేస్తడు," అన్నాడు పెద్దన్న. ఇంజనీరు చేతులు జోడించి ఆయనకే దండం పెట్టాడు. తరవాత ఆయన్ను ఎటో బదిలీ చేశారు.

మా సందులో మాత్రం ఇంకో మాట పుట్టింది. పెద్దన్న ఆ వేళకు రాబట్టే అందరం బయటికొచ్చాం, ఆయన అడుగుపెట్టబట్టే బతికాం అని. వచ్చిన ఎన్నికల్లో ఆయనకు మునుపెన్నడూ లేనన్ని ఓట్లు పడ్డాయి. మరికొన్నేళ్లకు నాకు ఓటు హక్కు వచ్చినప్పుడు నేను కూడా ఆయనకే వేశాను. ఎందుకు వేశావని అడిగితే ఏం చెప్పను. అలవాటు. ఇంకొకరికి వేస్తే ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని భయం. నాన్న పోయాక తప్పంతా పెద్దన్నదేనని లోలోపల అనుకుంటూ గడిపాను. అలా అనుకోవడం తేలిక.

లచ్చిమిని పెద్దన్నే చదివించాడు, పెళ్లి చేశాడు. ఇప్పుడామె నాంపల్లి కోర్టుల దగ్గర టిఫిన్ సెంటర్ నడుపుతుంది. వకీళ్లంతా అక్కడే తింటారు. నేను వెళితే వాళ్ల ముందే, "ఏం రా, ఇయ్యాల గూడ పెసరట్టేనా, వేరే తిండి తెల్వదా?" అంటుంది.

ఈమధ్య పెద్దన్న పోయాడు. ఆయన ఫోటో పట్టుకుని లచ్చిమి నా దుకాణానికి వచ్చింది. "మంచి అద్దం ఏసి కట్టు రా. గల్లా మీద పెట్టుకుంట. అమ్మను మోసిన మనిషి," అంది. నేను కొలత తీసుకున్నాను. అద్దం కోసే వజ్రపు కలం చేతిలోకి తీసుకున్నాను. గీత గీయకుండానే దాన్ని మళ్లీ బల్ల మీద పెట్టేశాను. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, నాన్న సంచి సంగతి, ఎర్ర చుక్క సంగతి, రోజూ రాత్రి ఆమె తల్లి అడిగిందీ, నేను చెప్పిందీ.

ఆమె ఏడవలేదు. స్టూలు మీంచి లేవకుండానే అడిగింది. "ముప్ఫై ఏండ్లు నా చేతి తిండి తిన్నవ్. ఒక్కనాడన్న నోరు రాలేదా?"

నేను బల్ల మీది ఫోటోను ఆమె వైపు జరిపాను.

"ఆయనకు రోజు దండ ఏద్దామనుకున్న. ఇప్పుడు నేనేం జెయ్యాలె?" అంది. ఫోటో తీసుకోకుండానే లేచి వెళ్లిపోయింది.

జాలీల మేడ ఉన్నచోట ఇప్పుడు వాహనాలు నిలిపే కట్టడం ఉంది. ఆ చోట ఎవరు పోయారో అక్కడ బండి పెట్టేవాళ్లకు తెలియదు. మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు వింటూ పడుకున్నవాళ్లం తలో దిక్కూ అయ్యాం. కుర్చీ వేసుకుని కూర్చుని గోడలను ఆపే నాయకులూ పోయారు, కూలే ఇళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి.

నాలుగు రోజులాగి లచ్చిమి దగ్గరకు వెళ్లాను. వకీళ్ల మధ్య చోటు చూసుకుని కూర్చున్నాను. ఆమె తువ్వాలుతో నా ముందున్న బల్ల తుడిచి, నీళ్ల గ్లాసు పెట్టి, అందరినీ అడిగినట్టే అడిగింది.

"ఏం గావాలె సార్?"